సఖర్ అనే యంత్రం

"నాలుగు సీట్లే కదా, అలా ఓసారి చేత్తో రుద్దిపారెయ్యి" అని కారు తాళాలు పిట్టగోడ మీద పెట్టి ముఫ్లిహ్ లోపలికెళ్ళిపోయాడు.

'అలా' అన్న మాట వింటే చాలు, ఖౌలాకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అలా వండెయ్యి, అలా ఉతికెయ్యి, అలా నలుగురికీ కాఫీ పెట్టెయ్యి. ఆయన నోట్లో అంత తేలిగ్గా దొర్లే పని ఆమె చేతుల్లోకి వచ్చేసరికి ఒక పూట తినేస్తుంది. కారు వెనక తలుపు తీసింది. గుప్పున కుక్క వాసన. అమెరికాలో గుద్దుకున్న కార్లని వేలంలో కొని, ఓడలో తెప్పించి, సుంకాల్లేని జర్కా ఫ్రీ జోన్‌లో సొట్టలు తీయించి అమ్మడం ముఫ్లిహ్ వ్యాపారం. పైసొట్టలు తీసేది వాటాదారు అబూ నిమర్ షెడ్డులో. వాడికి పనివాళ్ళున్నారు, పనిముట్లున్నాయి. లోపలి మురికికి మాత్రం ఇంటి వాకిలి, ఖౌలా చేతులు. బకెట్టు, బ్రష్షు, పాత తువ్వాళ్ళు. తడిపి, రుద్ది, తువ్వాలు అదిమి, పిండి, మళ్ళీ తడిపి. ఎంత పిండినా మురికి సీటు లోపలికే దిగుతుంది, రెండ్రోజులాగి మళ్ళీ పైకొస్తుంది. "ఇదేంటి, సరిగ్గా కడగలేదా?" అని అప్పుడు మళ్ళీ ఆమెనే అడుగుతారు.

రుద్దుతూ రుద్దుతూ ఆమె ఎక్కడికో పోతుంది. సీటు సందుల్లో జుట్టు పిన్నులు, విరిగిన రంగు పెన్సిళ్ళు, ఎండిపోయిన బంగాళాదుంప ముక్కలు. మరకలు ఎప్పుడూ పసిపిల్లల కుర్చీ పెట్టేచోటే ఎక్కువ. సముద్రాలవతల ఏ తల్లో ఒక చేత్తో బండి తోలుతూ ఇంకో చేత్తో పాలసీసా అందించి ఉంటుంది. అది ఒలికితే మొగుడు ఏమనుంటాడో. 'అలా తుడిచెయ్యలేవా' అనే అనుంటాడు. ఏ భాషలో అయినా ఆ మాట అలాగే ఉంటుందని ఖౌలా గట్టి నమ్మకం.

వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో హజ్ చేసొచ్చిన అత్తగారు హజ్జా ఫిద్దా కూర్చుని సేజ్ ఆకు వేసిన టీ తాగుతోంది. కోడలు మణికట్టు పట్టుకుని ఒక్క క్షణం ఆగిందో లేదో, "మా కాలంలో మేకజుట్టు గుడారాలు వాగులో ఉతికేవాళ్ళం. ఇలా చెయ్యి పట్టుకుని కూర్చున్నామా ఎప్పుడైనా?" అంది.

"మీ చేతులు ఇప్పుడెలా ఉన్నాయి అత్తమ్మా?"

ఫిద్దా తన వంకర్లు పోయిన వేళ్ళు చూసుకుంది. టీలో చక్కెర చాల్లేదని మాత్రం అంది.

ఆ వారమే ఖౌలా ఫోన్‌లో ఒక యంత్రాన్ని చూసింది. ఒక గొట్టం నీళ్ళు చిమ్ముతుంది, దాని పక్క గొట్టమే ఆ నీళ్ళని మురికితో సహా పీల్చేస్తుంది. పీల్చినచోట సీటు వెంటనే ఆరినట్టే ఉంటుంది. ఆ వీడియో ఆరేడుసార్లు చూసింది. భోజనం చేస్తున్న ముఫ్లిహ్‌కి చూపించింది. ఆయన రొట్టె నములుతూ చూసి నవ్వాడు.

"నువ్వుండగా నాకు మెషీనెందుకే?"

పొగిడాననే అనుకున్నాడు పాపం. ఆ మాట మాత్రం ఖౌలాని పట్టుకుని వదల్లేదు. గిన్నెలు తోముతుంటే అదే, పిల్లల తలలు దువ్వుతుంటే అదే. నువ్వుండగా మెషీనెందుకు. అంటే నేనేంటి? కరెంటు అక్కర్లేని సరుకునా? నూనె వేయక్కర్లేని చక్రాన్నా? పక్క మీద అటు తిరిగీ ఇటు తిరిగీ, లేచి వంటింట్లోకెళ్ళి మంచినీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి పడుకుని, 'సరే, మెషీన్ అంటే ఏంటో చూద్దాం' అనుకుంది.

కావలసినవన్నీ ఇంటి చుట్టూనే ఉన్నాయి. పెళ్ళికి అన్న కొనిచ్చిన వాక్యూమ్ ఉంది, డ్రమ్ములా బండగా, అరిచిందంటే వీధంతా వినిపిస్తుంది. వాకిట్లో ఎప్పట్నుంచో పడున్న తుక్కు కారులో అద్దాల మీద నీళ్ళు కొట్టే చిన్న పంపు ఉంది. పాత బ్యాటరీ ఉంది. ఊడిపోయిన కాలింగ్ బెల్ మీట ఉంది. నొక్కితే పంపు తిరగాలి, వదిలితే ఆగాలి, అంతేగా. గ్యాసు పొయ్యి తాలూకు రాగి గొట్టం ముక్క ఒకటి దొరికితే దాని మూతి సుత్తితో చప్పగా కొట్టింది. నీళ్ళు విసనకర్రలా విచ్చుకుని పడ్డాయి. ఆ ఒక్కటి చూడ్డానికే ఆమె మీట ఇంకో నాలుగుసార్లు నొక్కింది. పీల్చే మూతికి మిఠాయి డబ్బా అద్దంలాంటి ప్లాస్టిక్ మూత కోసి కిటికీలా అతికించింది, లోపల పోయే మురికి కనపడాలి కదా మరి.

కానీ పీల్చిన నీళ్ళు వాక్యూమ్‌లోకి పోకూడదు. పోతే మోటారు కాలిపోతుంది. మధ్యలో మూత బిగించిన బకెట్టు పెట్టాలి. నీళ్ళు అందులో ఆగాలి, ఉత్త గాలే ముందుకుపోవాలి. మొదట పలచటి బకెట్టు పెట్టింది. స్విచ్ వేయగానే అది గాలికి లోపలికి నొక్కుకుపోయి ఫట్‌మని చీలింది. పక్కింటి పిల్లి గోడ దూకి పారిపోయింది. తర్వాత అత్తగారు ఆలివ్ కాయలు ఊరేసే మందపాటి తెల్ల బకెట్టు తీసి మూతకి రెండు కన్నాలు పొడిచింది.

"నా కాయల బకెట్టుకి తూట్లు పొడిచావటే!" అని ఫిద్దా గుండెలు బాదుకుంది. "చేతులున్న ఆడదానికి యంత్రాలెందుకు? పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడట!"

"పని లేకపోవడమేంటత్తమ్మా, పని ఎక్కువైతేనూ."

ఈసారి రెండు గొట్టాలూ మూతలో ఒకే పొడుగున దింపింది. నీళ్ళు వచ్చినవి వచ్చినట్టే రెండో గొట్టంలోకి గెంతాయి. చటుక్కున ప్లగ్ పీకింది. రెండ్రోజులు దాన్నలా వదిలేసి, కూర కలుపుతూ, బట్టలారేస్తూ అదే ఆలోచించింది. నీళ్ళొచ్చే గొట్టం లోతుగా ఉండాలి, గాలి పోయే గొట్టం మూత కిందే ఆగిపోవాలి. ఇంతేనా! ఇంతే. సబ్బు ఎక్కువేస్తే నురగ పైకెక్కి మోటారు దాకా పోతుందని కూడా తెలిసొచ్చింది. సబ్బు చిటికెడు, బకెట్టు అడుగున కాస్త వెనిగర్. అంతే, నురగ పొంగదు.

కుక్క వాసన కారు సీటు మీద మొదటిసారి మూతి ఆనించి లాగినప్పుడు, మిఠాయి డబ్బా కిటికీలోంచి నల్లటి టీ లాంటి నీళ్ళు గలగలా పరిగెత్తాయి. ఖౌలా "యా అల్లా!" అని కేక పెట్టింది. ఇన్నేళ్ళూ తన చేతులు లోపలికి తోసిందంతా ఇదన్నమాట. తను కడిగిన ప్రతి సీటులోనూ ఇంత మురికి మిగిలే ఉంటుంది. ఆ ఆలోచనకి సిగ్గేసింది, కాస్సేపటికి కోపమొచ్చింది. రుద్దింది రుద్దినట్టే ఉంది, రుద్దినదాని చెయ్యి మాత్రమే అరిగింది.

ఆ రోజు నుంచి ఆమె ఒకచోట నిలవలేదు. కారు సీట్లయ్యాక సోఫా, సోఫా అయ్యాక పిల్లల పరుపు. వాళ్ళ వీధికి నీళ్ళు వారానికోసారి, మంగళవారం వస్తాయి. ఆ ఒక్కరోజే మిద్దె మీది ట్యాంకులు నింపాలి, బట్టలుతకాలి, తివాచీలు కడగాలి, కార్లూ కడగాలి. ఆమె మంగళవారాలన్నీ ఒళ్ళు హూనమయ్యేలా గడిచాయి. ఈ యంత్రానికి సీటుకి చెంబెడు నీళ్ళు చాలు. ఏ రోజైనా చెయ్యొచ్చు. నీళ్ళ పొదుపు చూశాక ఫిద్దా బకెట్టు సంగతి ఎత్తడం మానేసింది.

మిస్ హనాదీ కారు వచ్చింది ఆ రోజుల్లోనే. నాలుగిళ్ళ అవతల ఉండే టీచరు, ఒంటరి మనిషి, చిన్న బూడిదరంగు కారు. శుక్రవారం పుట్టింటి నుంచి మన్సఫ్ పులుసు గిన్నెడు తెచ్చుకుంటూ, కొండ దిగేచోట బ్రేక్ వేసింది. ఎండబెట్టిన పెరుగు ఉండలు కరిగించి మాంసంతో కాచిన పులుసు వెనక సీటంతా పారింది. మన్సఫ్ గిన్నె ఒళ్ళో పెట్టుకోవాలి గానీ సీటు మీద పెడతారా ఎవరైనా? ఒంటరిగా బండి తోలే మనిషికి పట్టుకోవడానికి ఒడి ఎక్కడిది మరి. మూడ్రోజుల ఎండకి కారు తలుపు తీస్తే మేకల కొట్టంలో తల పెట్టినట్టుంది.

"కార్లు కడిగే షెడ్డుకి తీసుకెళ్ళలేను, ఉమ్ సఖర్" అంది హనాదీ ఖౌలాతో, ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని. "అక్కడంతా మగాళ్ళు. డాష్‌బోర్డు అర తెరుస్తారు, నా సామాను కెలుకుతారు, ఎవరితో ఎక్కడికి తిరుగుతానో ఆరా తీస్తారు. పోయినసారి ఒకడు నా నంబరు దాచుకుని మెసేజ్‌లు పెట్టాడు. మీ దగ్గర ఏదో మెషీన్ ఉందట కదా?"

ఖౌలా ఆ సీటు మీద ఆ పూటంతా కూర్చుంది. తెల్లటి నీళ్ళు, జిడ్డు నీళ్ళు, పసుపు నీళ్ళు, చివరికి ఉత్త నీళ్ళు. హనాదీ సీటుకి ముక్కు ఆనించి వాసన చూసి పకపకా నవ్వింది. డబ్బులు ఇస్తే ఖౌలా వద్దంది. హనాదీ ఆమె పిడికిలి విప్పి పెట్టింది. ఇన్ని కార్లు కడిగిన చేతిలో కడిగినందుకు డబ్బు పడడం అదే మొదలు. ఆ నోట్లు ఎక్కడ పెట్టుకోవాలో కూడా ఆమెకి తెలియలేదు.

"మీ నంబరు రాసుకుంటాను. ఏమని పెట్టుకోను?"

"ఉమ్ సఖర్ అనే పెట్టుకోండి" అనేసింది. అలవాటు.

ఆ అలవాటు కథ ఒకటుంది. ముఫ్లిహ్ తండ్రి పేరు సఖర్. పెద్దకొడుక్కి పుట్టే మగపిల్లాడికి తాత పేరే పెడతారు కాబట్టి, పెళ్ళినాటి నుంచే ముఫ్లిహ్‌ని సఖర్ తండ్రి అబూ సఖర్ అనీ, ఆమెని సఖర్ తల్లి ఉమ్ సఖర్ అనీ ఊరంతా పిలవడం మొదలెట్టింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అదీ. ఇక్కడ ఆలూ ఉంది, చూలూ మూడుసార్లు నిలిచింది. వచ్చినవాళ్ళు ముగ్గురూ ఆడపిల్లలు. సోమలింగం రాలేదు. రాకపోయినా ఆ పేరు ఆమెని వదల్లేదు. కూరగాయలవాడి నుంచి డాక్టరమ్మ దాకా అందరూ లేని పిల్లాడి పేరు పెట్టి పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ ఆమెకి 'ఇంకా కనలేదేం?' అని వినిపిస్తుంది. ఖౌలా అని పిలిచే అమ్మ చనిపోయింది. ఆ సాయంత్రం రొట్టెల పిండి కలుపుతూ "ఖౌలా" అని తనే ఓసారి పైకి అనుకుంది. ఎవరో పక్కింటావిడ పేరులా ఉంది.

ముఫ్లిహ్‌కి యంత్రం విలువ కాస్త ఆలస్యంగా తెలిసింది, తెలిశాక ఆగలేదు. ఆయన కార్ల సీట్లు చూసి ఫ్రీ జోన్‌లో నలుగురూ అడగడం మొదలెట్టారట. శుక్రవారం నమాజు తర్వాత అబూ నిమర్‌నీ ఇంకో ఇద్దర్నీ వెంటేసుకొచ్చాడు. ఖౌలా ఏలకులు దంచి కాఫీ కాచి వంటింటి గుమ్మం దాకా పళ్ళెం తెచ్చింది. ఆయన వచ్చి అందుకుని తీసుకెళ్ళాడు. ఆమె తెర వెనకే నిలబడిపోయింది.

"ఎవరు చేశారయ్యా దీన్ని?" అబూ నిమర్ గొంతు.

"ఇంకెవరు? తీరిక దొరికినప్పుడు అలా కూర్చుని బిగించా."

అలా! ఖౌలా చేతిలో మసిగుడ్డ నలిగిపోయింది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. తెర తీసి బయటికి రావాలనిపించింది. తెర అంచు పట్టుకుని మళ్ళీ వదిలేసింది.

"భలేవాడివి. పేరు పెట్టావా?" అని ఎవరో వేళాకోళమాడారు.

"పెట్టకేం. ఇన్నేళ్ళకి మా ఇంట్లో సఖర్ పుట్టాడనుకోండి!"

అందరూ విరగబడి నవ్వారు. ఫిద్దా కూడా నవ్వింది. ఖౌలా ముగ్గురు ఆడపిల్లల్ని కన్నప్పుడు ఆసుపత్రి మెట్ల దగ్గరే ఆగిపోయినవాడు, ఒక్కసారి కూడా మిఠాయి పంచనివాడు, ఇప్పుడు ఆమె చేసిన దాన్ని తన కొడుకంటున్నాడు. ఏ పిల్లనీ ఇంతలా లాక్కోలేదు ఆయన. ఆడపిల్లలు కాబట్టి ఆమెకే వదిలేశాడు. ఇది పనికొచ్చేది కాబట్టి కొడుకైపోయింది.

"రేపు పొద్దున బండేసుకుని రా, తీసుకుపో" అంటున్నాడు ముఫ్లిహ్. "షెడ్డులో ఉంటే ఇద్దరికీ లాభం."

"మరి ఇంటి దగ్గర కార్లకి?"

"మా ఉమ్ సఖర్ ఉందిగా. దాని చేతుల్లో బర్కత్ ఉంది, ఆ దేవుడి చలవ."

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. వాకిట్లోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి మిద్దె మీదికి తిరిగింది. ఆరిన బట్టలు తీసి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడిచింది. ఏడ్వాలా? అడగాలా? అడిగితే "ఏంటే, నీకూ నాకూ తేడా ఏంటి, ఇల్లొక్కటేగా" అంటాడు. ఆ మాట ఆయనకి ఎప్పుడూ చేతికందేలా ఉంటుంది. ఇల్లొక్కటే. చేసేవాళ్ళు ఒకరు, చేశాననేవాళ్ళు ఇంకొకరు, ఇల్లు మాత్రం ఒక్కటే.

శనివారం పొద్దున పిల్లలకి జాతర్ పొడి, నూనె, రొట్టె పెట్టాక ఖౌలా గౌను అంచు నడుముకి దోపి వాకిట్లో కూర్చుంది. యంత్రాన్ని విప్పింది. గొట్టాలు, పంపు, మీట, రాగి మూతి, బకెట్టు మూత ఒక్కొక్కటే తీసి, తుడిచి, పెద్ద బట్టల తొట్టిలో వేసింది. పంపు విప్పేటప్పుడైతే "ఊరుకో, మళ్ళీ కలుపుతాలే" అని దానికే చెప్పింది.

అబూ నిమర్ బండితో వచ్చాడు. ముఫ్లిహ్ గొంతెత్తి పిలిచాడు. "ఉమ్ సఖర్! ఆ మెషీన్ ఇలా తీసుకురా."

ఖౌలా తొట్టి తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టింది. పక్కన ఆలివ్ బకెట్టు, బ్యాటరీ, అన్న ఇచ్చిన వాక్యూమ్.

"ఇదేంటే?"

"శుభ్రం చేద్దామని విప్పాను. సామానంతా ఉంది, ఒక్క మేకు కూడా దాచలేదు. మీరే చేశారుగా, అలా కూర్చుని బిగించండి."

ముఫ్లిహ్ ఆమె కళ్ళలోకి చూశాడు. ఆమె కళ్ళు దించలేదు. అబూ నిమర్ కుర్చీ లాక్కుని, "కానీవయ్యా, ఎంతసేపూ" అన్నాడు. ఇక తప్పుకునే దారి లేదు. ముఫ్లిహ్ చొక్కా చేతులు పైకి మడిచి కూర్చున్నాడు. పంపు అటు పట్టుకున్నాడు, ఇటు పట్టుకున్నాడు. మీట నొక్కితే నీళ్ళు వెనక్కొచ్చి చొక్కా మీద పడ్డాయి. "వైర్లు తారుమారు చేసింది ఇది" అని గొణిగాడు. బకెట్టు మూతకి గొట్టాలు దూర్చాడు. పొడుగు గొట్టాన్ని వాక్యూమ్‌కి, పొట్టిదాన్ని నీళ్ళొచ్చే వైపుకీ. నుదుటి మీద చెమట తుడుచుకుని, నీళ్ళున్న గిన్నెలో మూతి ముంచి, స్విచ్ మీద చెయ్యేశాడు. వాక్యూమ్ అరిచింది.

ఖౌలా ఒక్క అంగలో వెళ్ళి గోడ లోంచి ప్లగ్ పీకేసింది.

"చాలు. మా అన్న ఇచ్చింది కాలిపోతుంది."

అబూ నిమర్ ముఫ్లిహ్‌ని చూశాడు, ఖౌలా చేతిలో ప్లగ్‌ని చూశాడు. "ఎవరు చేశారమ్మా ఇది?"

"నేను" అంది ఖౌలా. ఒక్క మాట. ఇంత చిన్నమాట ఇన్నేళ్ళూ ఎందుకంత బరువైందో ఆమెకే తెలియలేదు.

అబూ నిమర్ గెడ్డం గోక్కున్నాడు. నవ్వబోయి, స్నేహితుడి మొహం చూసి మానుకుని, ఖాళీ బండి వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"నలుగురిలో నా పరువు తీశావు" అన్నాడు ముఫ్లిహ్ తడి చొక్కాతో.

"నేను తీసింది ప్లగ్ ఒక్కటే. మీ పరువు మీరే పెట్టారు అందులో."

"ఇంటికొచ్చిన మనిషి ముందు మొగుణ్ణి అలా నిలబెడతావటే" అని ఫిద్దా అందుకుంది. చాలాసేపు తిట్టింది. తిట్టి తిట్టి అలిసి, టీ గుటకేసి, గొంతు తగ్గించి, "బిగిస్తే నా పరుపు కూడా ఓసారి లాగవే. ముసలి వాసనొస్తోంది" అంది. ఖౌలాకి నవ్వాగలేదు.

ముఫ్లిహ్ లోపలికెళ్ళి చొక్కా మార్చుకునేలోగా యంత్రం బిగిసిపోయింది. లోతు గొట్టం నీళ్ళకి, పొట్టి గొట్టం గాలికి. ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. "సరేలే, జరిగిందేదో జరిగింది. మధ్యాహ్నం రెండు కార్లొస్తున్నాయి. అలా ఓసారి..." అని తాళాలు పిట్టగోడ మీద పెట్టబోయాడు.

అప్పుడే ఫోన్ మోగింది. మిస్ హనాదీ. "ఉమ్ సఖర్, మా స్కూల్లో టీచర్లు ఇద్దరు కార్లు కడిగించుకుంటామంటున్నారు. డబ్బులు ముందే ఇస్తామంటున్నారు. వీలవుతుందా?"

"అవుతుంది. ఇవాళ మధ్యాహ్నమే రమ్మనండి."

ముఫ్లిహ్ తాళాలు గాల్లోనే ఆగాయి. "మరి నా కార్లు?"

ఖౌలా ఆలివ్ బకెట్టు అడుగున వెనిగర్ పోసింది. "మీకు చేతులున్నాయిగా" అంది, ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని.

అవతల హనాదీ అడుగుతోంది. "మీ నంబరు వాళ్ళకి పంపిస్తున్నా. ఉమ్ సఖర్ అనే పంపనా?"

"వద్దు మిస్. సఖర్ పుట్టలేదు. పుట్టనివాడి తల్లిగా ఇన్నేళ్ళు చాకిరీ చేశాను, ఇక చాలు. ఖౌలా అని రాసుకోండి."